శ్రమకాల ధ్యానము: బిషప్ అజరయ్యగారు, పిడికెడు గింజలు



భస్మ బుధవారముతో శ్రమకాలము ఆరంభమగును. ఈ దినములు వచ్చునప్పటికి మన బనగానపల్లె ప్రాంతపు తోటలలో మామిడిపూత రాలి పిందె నిలుచును. నల్లరేగడి చేలలో శనగ నూర్పిడి ముగిసి జొన్నకోత సాగుచుండును. కొందరి ఇండ్లలో గింజలుండును, కొందరి ఇండ్లలో ఉండవు. వాన తప్పిన యేట ఎవరి ఇంటను ఉండవు. ఇట్టి ఊళ్లలో ఉపవాసమును గూర్చి బోధించుట సులభము కాదు. నాపరాతి గనికి కూలికి పోవు సహోదరుడు, అయ్యా, మేము ఏడాది పొడుగున పస్తులెరిగినవారమే, ఇక లెంటు దినములలో మేము మానవలసినదేమి అని అడిగినప్పుడు, పట్టణపు సంఘములకొరకు వ్రాసిన పుస్తకములలోని జవాబులు అతనికి చాలవు.

కరవు కాలమున ఏలీయాను పోషించుటకు దేవుడు అతనిని ఏ ధనికుని ఇంటికిని పంపలేదు. తొట్టిలో పిడికెడు పిండి మాత్రము మిగిలిన సారెపతు విధవరాలి ఇంటికి పంపెను (1 రాజులు 17వ అధ్యాయము). ఆ పిండితో తానును తన కుమారుడును కడసారి తిని చనిపోవలెనని ఆమె అనుకొనుచుండగా, ప్రవక్త వచ్చి మొదట తనకొక చిన్న అప్పము చేసి తెమ్మనెను. చదువువారికి ఇది కఠినముగా తోచును. అయితే ఆ అడుగుటలో ఆమెకు దొరికిన గౌరవమును మనము చూడవలెను. ఊరంతయు ఆమెను ఏమియు లేని దానినిగా చూచుచుండగా, ఇయ్యగలిగిన దానినిగా దేవుడు ఆమెను లెక్కించెను. తెలుగు పల్లెలలోని బీద క్రైస్తవులను ఈ విధముగా లెక్కించి, ముప్పదియైదేండ్లు వారి నడుమ కాపురమున్న ఒక దైవజనుని జీవితమును ఈ నెల తలంచుకొందము. ఆయన తెలుగువాడు కాడు. అయినను తెలుగు సంఘములు ఆయనను తండ్రిగారు అని పిలిచెను.

వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తిరునల్వేలి జిల్లాలోని వెళ్లాలన్‌విళై అను పల్లెలో జన్మించిరి. అది తాటిచెట్లు, ఎఱ్ఱ ఇసుక గల సీమ. మన సీమవలెనే నీళ్లకు ఇబ్బందిపడు సీమ. తండ్రి థామస్ వేదనాయగంగారు హిందూ కుటుంబములో పుట్టి, క్రీస్తును నమ్మి, ఆ ఊరి సంఘమునకు గురువైరి. తల్లి ఎలెన్ అమ్మగారు చాలకాలము కుమారుని కొరకు ప్రార్థించి కనిన బిడ్డ గనుక, హన్నా కుమారుని తలంచి శామ్యూల్ అని పేరు పెట్టిరి. అజరయ్యగారు చదువుకొను వయస్సులోనే తండ్రి మరణించిరి. తల్లి క్రమశిక్షణ గట్టిది. ఆ గట్టితనము కుమారునికి జీవితకాలము నిలిచినది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, పరీక్ష వేళ జబ్బుపడి, పట్టా లేకయే బయటికి వచ్చిరి. ఆ పట్టా లేని మనుష్యునికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు గౌరవ డాక్టరు పట్టమిచ్చిరి.

1895లో ఆయన వై.ఎమ్.సి.ఏ. కార్యదర్శిగా పనిలో చేరి దక్షిణ దేశమంతయు తిరిగిరి. 1898లో అన్బు అమ్మగారిని వివాహమాడిరి. ఆ కాలమున కళాశాల చదువు చదివిన క్రైస్తవ స్త్రీలు ఆ ప్రాంతమున మిక్కిలి అరుదు. ఆమె వారిలో ఒకతె. 1902లో ఆయన సింహళ ద్వీపములోని జాఫ్నాకు పోయిరి. అచ్చటి తమిళ క్రైస్తవులు కొద్దిమందియే అయినను తమ సొంత కానుకలతో సువార్తికులను బయటికి పంపుచుండిరి. తిరునల్వేలి సంఘమో, వారికంటె ఎంతో పెద్దది. అయినను తనకు సువార్త తెచ్చిన దొరలకు కృతజ్ఞత చెప్పుచు కూర్చున్నదే గాని, తాను ఒక్కనిని పంపలేదు. ఈ సంగతి అజరయ్యగారిని నిద్రపోనియ్యలేదు. తిరిగి వచ్చి, 1903లో స్నేహితులతో కలిసి తిరునల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీని స్థాపించిరి. పని చేయువారు మన దేశస్థులే, డబ్బు మన దేశస్థులదే, నడుపువారును మన దేశస్థులే అని దాని నియమము. 1905లో శ్రీరామపురమున నేషనల్ మిషనెరీ సొసైటీ ఏర్పడినప్పుడును ఆయన ముందుండిరి.

ఆ సొసైటీవారు తమ సువార్తికులను ఎచ్చటికి పంపిరో తెలియునా? తెలుగు దేశమునకు. నైజాము రాజ్యములో, వరంగల్లుకు అవతల, రైలు మార్గము చీలు చోట అడవుల నడుమ నున్న డోర్నకల్ ప్రాంతమునకు. నేడు అది తెలంగాణలో మహబూబాబాదు జిల్లాలో నున్నది. ఆ పనికి ఖర్చు పెట్టినది జమీందారులు కారు. తాటిచెట్లెక్కి బ్రదుకు తమిళ పల్లెవాసులు, అణాలు, గింజలు కూడబెట్టిన స్త్రీలు. ముఖము చూడని మాల మాదిగ కుటుంబముల కొరకు వారు పంపిరి. ఈ సంగతిని మన ఆదివారపు బడి పిల్లలకు చెప్పువారు తక్కువ.

ఇతరులను పంపి ఊరకుండుటకు అజరయ్యగారి మనస్సు ఒప్పుకొనలేదు. 1909లో, ముప్పదియైదవ యేట, దేశమంతట పేరుపొందిన ఉద్యోగమును విడిచి, గురుపట్టము పొంది, కుటుంబముతో డోర్నకల్ చేరిరి. తెలుగు అక్షరములు ఆ వయస్సులో దిద్దుకొనిరి. 1910లో స్కాట్లండు దేశమందు ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభకు పోయి, దొరలు ఈ దేశమునకొరకు తమ ధనమును ప్రాణమును ఇచ్చినందుకు వందనములు చెల్లించి, అయితే సమానులతో చేయు స్నేహమును మాత్రము ఇయ్యలేదనియు, ఇక అదే కావలెననియు వారి ముఖముననే చెప్పిరి. సభలో కొందరు నొచ్చుకొనిరి. తిరిగి వచ్చి మరల అదే పల్లెలలో తిరిగిరి. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ దొరగారు పట్టుబట్టగా, 1912వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రలులో ఆయనకు అధ్యక్షాభిషేకము జరిగెను. ఆంగ్లికన్ సంఘములో ఈ దేశస్థుడు బిషప్ అగుట అదే మొదలు. ఆ దినమున డోర్నకల్ అధ్యక్ష ఖండము మిక్కిలి చిన్నది. అందులోని గురువులను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. 1920వ దశకపు ఆరంభములో కృష్ణా జిల్లా సంఘములును, మన కర్నూలు, కడప జిల్లాలలోని ఎస్.పి.జి. మిషను సంఘములును ఆయన విచారణ క్రిందికి వచ్చెను. అట్లు నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు సంఘములకు అజరయ్యగారు బిషప్ అయిరి. బనగానపల్లె ఆ దినములలో నవాబుగారి సంస్థానము. చుట్టును కర్నూలు జిల్లా, నడుమ నవాబు రాజ్యము.

మన సీమ సంఘముల పుట్టుకను గూర్చి ఇచ్చట ఒక మాట చెప్పక తీరదు. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాత కరవును మన పెద్దలు తరతరములు చెప్పుకొనిరి. దత్తమండలములనబడిన మన జిల్లాలు ఆ కరవులో మాడిపోయెను. 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ కర్నూలు జిల్లా జనము సుమారు నాలుగవ వంతు తగ్గిరి. గంజి కేంద్రములును, కూలిపనులును, తల్లిదండ్రులు లేని పిల్లల పోషణయు మిషనులవారు చూచిరి. కరవు తరువాత తెలుగు దేశమున అనేకులు బాప్తిస్మము పొందిరి. అప్పటినుండి మనలను వెంబడించు ఒక మాట కలదు: వీరు బువ్వకొరకు మతము పుచ్చుకొనిరి అని. ఈ మాటను మన తాతలు విన్నారు, తండ్రులు విన్నారు, నేటి పిల్లలును బడిలో వినుచున్నారు. దీనికి కోపపడి జవాబు చెప్పవచ్చును. ఆకలితో చచ్చువానికి అన్నము పెట్టినవాని దేవుని గూర్చి అడిగి తెలిసికొనుటలో తప్పేమని మేమును వాదింపగలము. అజరయ్యగారు ఎన్నుకొన్న జవాబు వేరు. పుచ్చుకొన్న చెయ్యి ఇచ్చు చెయ్యి కావలెనని ఆయన పట్టుబట్టిరి.

అందుచేత ఆయన సంఘములలో పిడికెడు గింజల కానుక పెద్ద స్థానము పొందెను. ఇల్లాలు ఎసట పోయుటకు బియ్యము తీసినప్పుడెల్ల, అందులోనుండి ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయును. జొన్నలు తినువారు జొన్నలే వేయుదురు. ఆదివారమున ఆ కుండ గుడికి వచ్చును. ఆ గింజలతో ఉపదేశి బ్రదుకును, సంఘములోని దిక్కులేనివారు బ్రదుకుదురు. ఇది ఆయన కనిపెట్టినది కాదు. దక్షిణ దేశమున పలుచోట్ల ఉన్న ఆచారమే. అయితే ఆయన దీనిని కానుకల పట్టికలో ఒక వరుసగా చూడలేదు. ఇచ్చుట ధనికుల పని అనుకొనుట బీదవానికి జరుగు అవమానమని ఆయన తలంపు. మాసిదోనియ సంఘములు నిరుపేదలై యుండియు ధారాళముగా ఇచ్చిన సంగతి పౌలు వ్రాసినాడు గదా (2 కొరింథీయులకు 8వ అధ్యాయము). క్రైస్తవ దానమును గూర్చి ఆయన వ్రాసిన చిన్న పుస్తకము ఆయన మరణించిన తరువాత అనేక దేశములలో చదువబడెను. మనకున్నదంతయు దేవునిదే, మనము గృహనిర్వాహకులము మాత్రమే అనునది దాని సారము.

ఈ గింజల కుండను గూర్చి మేము గమనించిన మరియొక సంగతి కలదు. కూలి డబ్బు పురుషుని చేతిలోనికి వచ్చును. అది ఇంటికి చేరునో సారా అంగడికి చేరునో చెప్పలేము. వంటింటి కుండ మాత్రము స్త్రీ చేతిలో నున్నది. ఆమె దేవునికిచ్చునది ఆమె స్వంతముగా ఇచ్చునదే. అన్బు అమ్మగారు మాతృసంఘముల ద్వారా పల్లె స్త్రీల నడుమ ఎంతో పని చేసిరి. డోర్నకల్‌లో ఉపదేశులకు తరిఫీదు ఇచ్చునప్పుడు వారి భార్యలకును పాఠములు చెప్పించిరి. ఉపదేశి ప్రసంగము వారమునకొకసారి. ఉపదేశి భార్య కాపురము ఊరివారికి దినదినము కనబడు ప్రసంగము.

ఇక మానవలసిన వాటి సంగతి. శ్రమకాలము ఆది సంఘములో ఎట్లు పుట్టెనో కొంచెము తలంచుడి. ఈస్టరున బాప్తిస్మము పొందబోవువారు పాత నడవడిని విడిచి, విశ్వాసప్రమాణమును నేర్చుకొని, ఉపవాసముతో సిద్ధపడు కాలమది. తప్పిపోయినవారు పశ్చాత్తాపముతో తిరిగి సంఘములో చేరుటకును అదే కాలము. అజరయ్యగారు ఎద్దులబండిమీదను కాలినడకను ఊరూర తిరిగి చేసిన పని అదియే. దినపు కూలి ముగించుకొని జనులు వచ్చువరకు కాచి, సాయంకాలమున లాంతరు వెలుతురులో బాప్తిస్మమునకు వచ్చినవారిని పరీక్షించుచుండిరి. ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాసప్రమాణము వచ్చునా? విగ్రహములను విడిచితిరా? త్రాగుడు మానితిరా? బాప్తిస్మము పొందినవారు తమ తలమీద చెయ్యి పెట్టుకొని, సువార్త ప్రకటింపని యెడల తమకు శ్రమ అని పౌలు చెప్పిన మాటను (1 కొరింథీయులకు 9:16) తమ మాటగా పలుకునట్లు చేసిరి. అది అలంకారమునకు కాదు. ఏటా ఒక వారము సాక్ష్యవారముగా ఏర్పరచి, చదువురాని కూలివారిని సహా చుట్టుప్రక్కల ఊళ్లకు పంపిరి.

పల్లె క్రైస్తవునికి నలుగురు శత్రువులు కలరని ఆయన చెప్పుచుండిరి: మురికి, రోగము, అప్పు, త్రాగుడు. ఇందులో ఒక్కటియు కేవలము ఆత్మ సంబంధమైన పాపముల పట్టికలో దొరకదు. నలువది దినములు మాంసము మాని, ఈస్టరు మరునాడు కుమార్తె పెండ్లికి నూటికి మూడు రూపాయల నెలవడ్డీకి అప్పు చేయువాని ఉపవాసము ఎట్టిదో ఆలోచింపుడి. మాంసము మానుట తప్పని మేము చెప్పుట లేదు; మానువారు మానవచ్చును. అప్పుపత్రముమీద వ్రేలిముద్ర వేయక చెయ్యి వెనుకకు తీసికొనుట అంతకంటె కష్టమైన ఉపవాసము. సారా అంగడి దారి విడిచి చుట్టుదారిన ఇంటికి పోవుటయు అట్టిదే.

ఐదవ శత్రువు ఒకటి కలదు. దానిని పేరుపెట్టి చెప్పుటకు మన గురువులే జంకుదురు. మాలలు ఒక ప్రక్క, మాదిగలు ఒక ప్రక్క కూర్చుండు గుడులు తెలుగు దేశమున లేవని చెప్పగలమా? అజరయ్యగారు ఈ విషయమున మెత్తబడలేదు. ఆయన కాలమున ఆ అధ్యక్ష ఖండమున చేరినవారిలో అధికులు ఈ రెండు కులములవారే. వారి నడుమ పగ పాతది. ఇరువురును ఒక గుడిలో, ఒక బల్లయొద్ద, ఒక పాత్రలోనిది పుచ్చుకొనవలెనని ఆయన నేర్పిరి. ఆయన స్వంత జిల్లా తిరునల్వేలిలోను కుల కలహము సంఘములోనికి వచ్చియుండెను గనుక, అది చేయు చెరుపు ఆయనకు బాగుగా తెలియును. ఈ పని ఆయనతో ముగియలేదు. నేటికిని ముగియలేదు. శుభ శుక్రవారమున మూడు గంటల ఆరాధన చేసి, ఆ సాయంకాలమే వేర్వేరు వాడలుగా విడిపోయి నీళ్ల పంపు దగ్గర తగవులాడిన సంఘములు కలవు.

1930ల నడుమ గాంధీగారికిని అజరయ్యగారికిని భేదాభిప్రాయము కలిగెను. పల్లెలలోని బీదజనులు తెలిసి మతము మారుట లేదని గాంధీగారి తలంపు. ఆయన దేశభక్తిని అజరయ్యగారు గౌరవించిరి. తామును ఖద్దరు సీమనుండి దూరమైన దొరల మనిషి కారు. అయినను బీదవానికి మనస్సాక్షి లేదనుకొనుటను ఆయన ఒప్పుకొనలేదు. కూలివాడైనను దేవుని ఎన్నుకొనగలడు, పాపమును విడువగలడు, ఇయ్యగలడు; విడిచిన త్రాగుడును, మారిన ఇండ్లును చూడుడని ఆయన జవాబు. ఈ వాదములో ఎవరు గెలిచిరని చరిత్రకారులు వ్రాసికొందురు గాక. ఆ పల్లెవారి నడవడియే ఆయన సాక్ష్యము గనుక, వారు తప్పిపోయినచో ఆయన మాటయు పడిపోవును. ఆ బరువు ఇప్పుడు మన సంఘములమీద నున్నది.

ఆయన స్వంత నియమము కఠినమైనది. తెల్లవారకముందే లేచి ప్రార్థనలో గడుపుచు, తన గురువులను పేరుపేరున దేవుని యెదుట జ్ఞాపకము చేయుచుండిరి. డోర్నకల్‌లోని కథీడ్రలు కట్టడమునకు చాల యేండ్లు పట్టెను. 1939వ సంవత్సరము జనవరి 6వ తేదీన ప్రతిష్ఠ జరిగెను. గుమ్మటములు, స్తంభములు ఈ దేశపు గుళ్ల, మసీదుల పోలికలో నున్నవి. పల్లెనుండి వచ్చినవాడు పరాయి ఇంట అడుగుపెట్టినట్లు బెదరకూడదు గదా.

సంఘములు ఏకము కావలెనని 1919లో తరంగంబాడిలో జరిగిన సభ మొదలుకొని ఆయన పాటుపడిరి. విడిపోయిన సంఘములు పాశ్చాత్య దేశములకు అలవాటైన లోపమైనను, ఈ దేశమున సువార్తకే అడ్డమని ఆయన మనోవేదన. ఆ దినమును ఆయన కన్నులార చూడలేదు. 1945వ సంవత్సరము జనవరి 1వ తేదీన, కొద్దిదినముల జ్వరము తరువాత, డోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. అప్పటికి ఆ అధ్యక్ష ఖండమున క్రైస్తవులు రెండు లక్షలకు మించియుండిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను. ఆయన ప్రేమించిన సంఘములలో మన నంద్యాల ప్రాంతమువారు అనేకులు అప్పుడు అందులో చేరక విడిగా నిలిచిరి. చాల యేండ్లు గడిచిన తరువాతగాని చేరలేదు. ఇదియు మన చరిత్రలోని సంగతియే గనుక దాచక వ్రాయుచున్నాము.

మన సంఘములలో ఈ శ్రమకాలమున ప్రతి ఇంట ఒక కుండ గాని డబ్బా గాని పెట్టుడి. జొన్నలు, కొఱ్ఱలు, బియ్యము, ఏది తినుచున్నారో అదే దినమునకు పిడికెడు వేయుడి. పొయ్యి రాజని దినమున వేయనక్కరలేదు. ఆ ఇంటివారు ఆ సంగతిని రహస్యముగా ఉపదేశిగారికి తెలుపవలెను. మట్టల ఆదివారమున గింజలు గుడికి తెచ్చి, మాల వాడ, మాదిగ వాడ అని వేరు చేయక ఒకే రాశిగా పోయవలెను. సగము, ఈ యేట పంట రాని ఇండ్లకు పరిశుద్ధ వారములోనే చేర్చబడును. ఎవరి ఇంటికి ఎంత చేరినదో పంచాయతీలో చదువబడదు. తక్కిన సగము గుడి లేని ఊళ్లలో పని చేయు సువార్తికుల కొరకు పంపబడును. కొలుచుటకు శేరు, మానిక తెచ్చు పని యౌవనస్థులది.